మొదటి నిమిషం నుంచీ మాట్లాడేది

ఆ ఆసుపత్రిలో ఆమెను పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ ఆమె ఆపరేటరమ్మ. ఇరవై ఏడేళ్ళుగా కింది అంతస్తులో మెట్ల పక్కనున్న ఎక్స్ఛేంజి గదిలో కూర్చుని, ఉదయం ఏడింటి నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా వచ్చిన ప్రతి ఫోనునూ చేరాల్సిన చోటికి చేరుస్తోంది. నాలుగు వందల పైచిలుకు లోపలి నంబర్లు ఆమెకు కంఠతా వచ్చు. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. ఆ సంగతి ఫోనులో మాట్లాడేవాళ్ళకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ ఎప్పుడూ రాలేదు.

ఆమెకు ఒక అక్క ఉంది. ఎనిమిదేళ్ళు పెద్ద. చెల్లెలు హైస్కూల్లో ఉన్నప్పుడు చేత్తో తడిమి చదువుకునే పుస్తకాలు దొరికేవి కావు. అక్క టేప్ రికార్డరు ముందు కూర్చుని పాఠాలన్నీ గుక్క తిప్పుకోకుండా చదివి క్యాసెట్లు నింపేది. చదువు అయిపోయింది, చెల్లెలికి ఉద్యోగం వచ్చింది, అక్క అప్పటికే టీచరు. చదవడం మాత్రం ఆగలేదు. నవలలు, యాత్రలు, నక్షత్రాల గురించి, చీమల గురించి, చేతికి దొరికిన ప్రతి పుస్తకమూ చదివి పెట్టేది. కొత్త ఫ్రిజ్ కొన్నప్పుడు దానితో వచ్చిన సూచనల పుస్తకం కూడా చదివింది. "ఇందులో ప్రేమకథ లేదు, ముందే చెబుతున్నా" అని మొదలుపెట్టి, మూడో పేజీకి వచ్చేసరికి తనే నవ్వు ఆపుకోలేక రెండు నిమిషాలు రికార్డరు ముందు నవ్వుతూ కూర్చుంది. ఆ నవ్వు కూడా రికార్డింగులో అలాగే ఉండిపోయింది.

మూడేళ్ళ క్రితం అక్కకు గొంతులో గడ్డ వచ్చింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసేయక తప్పలేదు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. అప్పటినుంచీ అక్క ఫోనులో టైపు చేస్తే ఫోను చదివి వినిపిస్తుంది. పక్కనే ఉంటే చెల్లెలి అరచేతిలో వేలితో అక్షరాలు రాస్తుంది. ఒకరికి చూపు లేదు, ఒకరికి మాట లేదు. అయినా ఆ ఇద్దరూ పోట్లాడుకోవడం మొదలుపెడితే మధ్యలో మూడో మనిషికి సందు దొరికేది కాదు.

ఆ మూడో మనిషి బావ. అక్కా బావా పై అంతస్తులో, ఆపరేటరమ్మ కింద ఉంటారు. బావ ఆఫీసుల్లో నెట్‌వర్క్ కేబుళ్ళు లాగే పని చేసి ఈమధ్యే మానేశాడు. అక్క చదివిన క్యాసెట్లన్నిటినీ ఎన్నో ఆదివారాలు కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించింది ఆయనే. మొత్తం వెయ్యిన్నీ మూడు వందల అరవై రికార్డింగులు. ఇంట్లో ఉంటే డిస్కు పాడైతే పోతాయని వాటిని ఇంటర్నెట్‌లో ఒక కంపెనీ దగ్గర దాచిందీ ఆయనే. క్యాసెట్లు బూజు పట్టి పోయాయి, ఇంట్లో వేరే నకలు లేదు. ఆపరేటరమ్మ తనకు కావలసినప్పుడు ఫోనులో తెరిచి వినేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం బావ కిందికి దిగి వచ్చి, కుర్చీ లాక్కుని, కూర్చోకుండా నిలబడ్డాడు. కుర్చీ చప్పుడైంది గానీ మనిషి బరువు పడిన చప్పుడు కాలేదు.

"మరదలా, ఒక మాట చెప్పాలి. కోప్పడవుగా?"

"కోప్పడే మాటయితేనే కదా ముందు అలా అడుగుతావు. చెప్పు బావా."

బావ ఒక్క ఊపున చెప్పేశాడు. రికార్డింగులు దాచిన కంపెనీ మూతపడుతోంది. తొంభై రోజుల్లో ఎవరివి వాళ్ళు దింపుకోవాలి, ఆ తర్వాత అంతా తుడిచేస్తారు. ఆ ఉత్తరం ఆయన పాత ఆఫీసు మెయిల్‌కు వెళ్ళింది. ఆ మెయిల్ ఆయన చూడటం మానేసి చాలా కాలమైంది. ఇవాళ వేరే పని మీద తెరిస్తే కనపడింది.

"ఎన్ని రోజులైంది ఉత్తరం వచ్చి?"

"ముప్పై ఎనిమిది."

ఆపరేటరమ్మ ముందు ఊపిరి నిదానంగా వదిలింది. ఫోనులో ఎవరైనా అరుస్తుంటే ఆమె ఎప్పుడూ అలాగే చేస్తుంది. ఆ రికార్డింగులు పోతే మళ్ళీ చదివించుకుందామంటే చదివే గొంతు ఇప్పుడు లేదు. అది ముగ్గురికీ తెలుసు.

"అయితే ఇక వేరే వాళ్ళింట్లో దాచేది లేదు," అంది చివరికి. "నా ఇంట్లోనే, నా కంప్యూటర్లోనే ఉండాలి. అది నేనే పెట్టుకుంటాను."

"నేనుండగా నువ్వెందుకు? సాయంత్రానికల్లా చేసేస్తా."

"నువ్వు చెడ్డవాడివని కాదు బావా. నా ఇంటి తాళంచెవి నీ జేబులో పెట్టాం, నువ్వు చొక్కా మార్చేశావు. అంతే జరిగింది. ఈసారి తాళం వేసేదీ తీసేదీ నేనే అవ్వాలి. నీ కళ్ళు అరువడగను. నోరు మాత్రం వాడుకుంటాను, ఎలాగూ అది ఊరుకోదు కాబట్టి."

బావ అప్పుడు కూర్చున్నాడు. తిట్లు పడనందుకు ఆయనకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది.

మర్నాడు ఆయన ఒక ఆఫీసులో పక్కన పడేసిన కంప్యూటరు డబ్బా ఒకటి మోసుకొచ్చాడు. ఆపరేటరమ్మ దాన్ని నాలుగు వైపులా తడిమి చూసింది. అంచులు కాస్త సొట్టపోయినా లోపల ఫ్యాను ఒకే తీరుగా తిరుగుతోంది. అందులో రెండు డిస్కులు పెట్టారు, ఒకదాంట్లో అసలు, ఇంకొకదాంట్లో దానికి నకలు ఉండేలా. ఇక ఆ డబ్బాను నడిపే మూల ప్రోగ్రాముగా అందులో ఏ లినక్స్ వేయాలన్నది మిగిలింది. ఆ మాట ఎత్తగానే బావ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"చూడు, లినక్స్ అనేది ఇంజను అనుకో. ఇంజను ఎవరికైనా ఊరికే ఇస్తారు. దాని చుట్టూ బాడీ కట్టి, సీట్లు వేసి, రంగులద్ది రోడ్డు మీదికి తెచ్చేవాళ్ళు వందలమంది ఉన్నారు. ఆ ఒక్కో బండినీ డిస్ట్రో అంటారు. ఏ బండి ఎక్కాలన్నదే ప్రశ్న."

"నువ్వు ఏది ఎక్కుతావు?"

పై అంతస్తులో ఉన్న అక్క గనక ఈ ప్రశ్న విని ఉంటే నుదురు కొట్టుకునేది. బావ తన కంప్యూటర్లో డిస్ట్రోలను, పిల్లి తన పిల్లల్ని ఇళ్ళు మార్చినట్టు మారుస్తుంటాడు. నెలకొకటి. ప్రతిదాన్నీ తెచ్చిన రోజున ఇంతకంటే మంచిది భూమ్మీద లేదంటాడు, వదిలేసిన రోజున దాన్ని కట్టినవాళ్ళను తిడతాడు.

మొదట ఆయన తెచ్చినది చాలా అందమైనదట. ఆ అందాన్ని ఆయన ఎంతసేపు వర్ణించాడంటే ఆపరేటరమ్మ దానికి పెళ్ళికొడుకు అని పేరు పెట్టింది. పెళ్ళికొడుకు పెన్‌డ్రైవ్‌లోంచి లేచి, రెండు మీటలు నొక్కగానే మాట్లాడాడు కూడా. భాష అడిగాడు, కీబోర్డు అడిగాడు. డిస్కును ఎలా పంచుకోవాలని అడగాల్సిన చోటికి వచ్చేసరికి మూగవాడైపోయాడు. ఆమె ట్యాబ్ నొక్కింది, బాణాలు నొక్కింది, తెర చదివే ప్రోగ్రామును ఆపి మళ్ళీ మొదలెట్టింది. ఒక్క మాట లేదు.

"ఏముందక్కడ?" అంది.

"ఒక పెద్ద బొమ్మ ఉంది. డిస్కు రెండు రంగుల్లో కనపడుతోంది. మధ్యలో గీతను మౌసుతో పట్టుకుని లాగాలి. నేను లాగనా?"

"వద్దు. తీసేయ్."

"ఒక్క గీతే కదా మరదలా."

"ఇవాళ ఒక్క గీతే. రేపు పాడైతే మళ్ళీ ఆ గీత దగ్గర నీకోసం కూర్చోవాలి. తీసేయ్ బావా."

రెండోది బావకు ప్రాణం. ప్రతిరోజూ కొత్త సరుకు వస్తూనే ఉండే రకం. ప్రపంచంలో ఎవడు ఏ ప్రోగ్రాము రాసినా మర్నాటికి మన ఇంట్లో ఉంటుందని ఆయన మురిసిపోయాడు. దాన్ని ఎక్కించడమంటే ఆదేశాలు ఒక్కొక్కటే టైపు చేయడమే కాబట్టి ఆపరేటరమ్మకు అదేమీ కష్టమనిపించలేదు. రెండు సాయంత్రాల్లో నిలబెట్టింది. ఎనిమిది రోజులు చక్కగా నడిచింది. కంపెనీ దగ్గర్నుంచి రికార్డింగులు దింపడం కూడా మొదలుపెట్టింది. తొమ్మిదో రోజు ఆసుపత్రి నుంచి వచ్చి, బావ చెప్పినట్టే కొత్త సరుకంతా తెప్పించి, కంప్యూటరు ఆపి మళ్ళీ వేసింది. ఫ్యాను తిరిగింది. డిస్కు కదిలింది. మాట రాలేదు.

బావ వచ్చి తెర చూసి, "అంతా బాగానే ఉందే, ఒక్క సౌండే కదా పోయింది," అన్నాడు.

అనేశాక ఆయనకే తెలిసింది తను ఏమన్నాడో. సౌండు పోతే ఆయనకు పాటలు పోతాయి. ఆమెకు తెర, అక్షరాలు, కంప్యూటరు మొత్తం పోతుంది. తప్పు ఎక్కడుందో వెతుక్కోవడానికి కూడా ఆ గొంతే కావాలి.

ఆ సాయంత్రం ఆమె పైకి వెళ్ళి అక్క పక్కన సోఫాలో కూలబడింది. ఇంకా ముప్పై రోజులే మిగిలాయి. అక్క చెల్లెలి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని అరచేతిలో నెమ్మదిగా రాసింది. మా-ర్చా-ల్సిం-ది డి-స్ట్రో-ని కా-దు. మీ బా-వ-ని.

ఆపరేటరమ్మకు నవ్వాగలేదు. ఆ నవ్వుతోపాటు ఏడుపు కూడా కాస్త వచ్చింది. అక్క ఆమె చెయ్యి వదిలి ఫోనందుకుని టైపు చేసింది. ఫోను తన బండ గొంతుతో చదివింది:

"నీకేం కావాలో కళ్ళున్న మనిషిని అడుగుతున్నావు. పాపం ఆయనకేం తెలుసు? నాకు గొంతు తీసేశాక ఎలా బతకాలో డాక్టరు చెప్పలేదు. నాకంటే ముందు తీయించుకున్నావిడ చెప్పింది. నీలాంటి వాళ్ళను అడుగు."

ఇంత చిన్న సంగతి తనకు తట్టనందుకు ఆపరేటరమ్మకు సిగ్గేసింది. కిందికి వచ్చి ఫోనులోనే వెతికింది. చూపులేని లినక్స్ వాడకందార్లు ఉత్తరాలు రాసుకునే మెయిలింగ్ లిస్టు ఒకటి ఉందని తెలిసింది. అందులో తన గోడంతా రాసింది. ఏ బండి కొత్తదో నాకు అక్కర్లేదు, ఏది అందమైనదో అసలే అక్కర్లేదు. మొదటి నిమిషం నుంచీ నాతో మాట్లాడేది కావాలి, రేపు పొద్దున కూడా మాట్లాడేది కావాలి, అని.

రెండో రోజుకు జవాబు వచ్చింది. రాసినాయన ఏ దేశమో తెలియదు. ఎనిమిది వాక్యాల ఉత్తరం. అందులో మొదటి వాక్యమే అసలు సంగతి: డెబియన్ అనే డిస్ట్రో ఉన్న పెన్‌డ్రైవ్‌తో కంప్యూటరు లేపండి, 'బీప్' అని వినపడగానే ఎస్ నొక్కి ఎంటర్ కొట్టండి, ఇక అది మీతో మాట్లాడుతుంది. ఆ తర్వాత ఎక్కడ అంకె కొట్టాలో, వెనక్కి వెళ్ళాలంటే ఏ గుర్తు కొట్టాలో రాశాడు. పెన్‌డ్రైవ్‌తో లేవమని కంప్యూటరుకు చెప్పే తొలి మెనూ ఒక్కటే మాట్లాడదు, దానికి ఎవరి సాయమైనా ఒకసారి తీసుకోండి, అందులో చిన్నతనమేమీ లేదు, నేనూ మా ఆవిడ చేత చేయించుకున్నాను, అని ముగించాడు.

బావకు చదివి వినిపిస్తే మొదట పెదవి విరిచాడు.

"డెబియనా? అందులో సరుకంతా ముసలిది మరదలా. ఏ ప్రోగ్రాము చూడు, లోకంలో ఉన్నదానికి ఏడాదో రెండేళ్ళో వెనకే ఉంటుంది. దొంగలు దూరకుండా తాళాలు బాగుచేస్తారు గానీ సామాను మార్చరు."

"మా ఎక్స్ఛేంజి బోర్డు వయసెంతో తెలుసా బావా? పదహారేళ్ళు. దాంట్లో కొత్తగా ఏమొచ్చిందని ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. అర్జెంటుగా ఫోను చేసినవాళ్ళకు ఆపరేషను థియేటరు దొరికిందా లేదా, అంతే. సామాను మార్చకుండా తాళాలు బాగుచేసేవాళ్ళే నాకు కావాలి."

"మాట బాగానే ఉంది," అని ఒప్పుకుని, పెన్‌డ్రైవ్ తయారుచేయడానికి బావ మెట్లెక్కాడు.

శనివారం మధ్యాహ్నం పెట్టుకున్నారు. తొలి మెనూలో బావ ఒక మార్పు చేసి, దాన్ని భద్రపరచి, కంప్యూటరు ఆపాడు. తర్వాత ఎవరూ అడక్కుండానే మానిటరు తీగ పీకి, మానిటరును మోసుకెళ్ళి అవతలి గదిలో మంచం మీద పెట్టి వచ్చాడు. "ఉంటే చూడకుండా ఉండలేను," అన్నాడు. అక్క కూడా కిందికి వచ్చి చెల్లెలి ఎడమ పక్కన కూర్చుంది.

ఆపరేటరమ్మ బటన్ నొక్కింది. ఫ్యాను లేచింది. కాసేపటికి డబ్బా లోపల్నుంచి సన్నగా, పొట్టిగా ఒక బీప్ వచ్చింది. ఎస్ నొక్కింది. ఎంటర్ కొట్టింది.

నిశ్శబ్దం. బావ కుర్చీ కిర్రుమంది, అక్క ఆయన కాలు మీద ఒక్కటేసింది.

అప్పుడు స్పీకర్లోంచి, ముక్కు దిబ్బడ వేసినట్టున్న గొంతొకటి ఇంగ్లీషులో మాట్లాడింది. భాష ఎంచుకోమంది. భాషల పేర్లు అంకెలతో సహా ఒక్కొక్కటే చదవసాగింది.

ఆపరేటరమ్మ చేతులు కీబోర్డు మీద అలాగే ఆగిపోయాయి. ఆమె ఇన్నేళ్ళలో ఎన్నో యంత్రాలు వాడింది. ప్రతిదాన్నీ ముందు కళ్ళున్నవాళ్ళెవరో తెరిచి, సిద్ధంచేసి, ఇక నువ్వు వాడుకోవచ్చు అని చేతికిచ్చేవారు. ఖాళీ డబ్బా ఒకటి, లోపల ఇంకా ఏమీ లేనప్పుడే, మొట్టమొదట ఆమెనే పలకరించడం ఇదే తొలిసారి. ఎక్కడో ఎవరో, ఆమె ఉందని తెలియకపోయినా, ఇలాంటి మనిషి ఒకతె వస్తుందని అనుకుని ఆ ఎస్ అనే మీటను అక్కడ పెట్టి ఉంచారు. జీతం లేకుండా, సెలవు రోజుల్లో కూర్చుని చేసుంటారు. వాళ్ళ పేర్లు ఆమెకు తెలియవు.

"ఏమైంది?" అన్నాడు బావ గాభరాగా.

"ఏమీ కాలేదు. వింటున్నా."

తర్వాత పని చకచకా సాగింది. అది అడగడం, ఆమె అంకె కొట్టడం. దేశం అడిగింది, కీబోర్డు అడిగింది. కంప్యూటరుకు పేరు పెట్టమంటే ఆమె క్షణం కూడా ఆలోచించకుండా అక్క అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది. పక్కనుంచి మీటలు చూస్తున్న అక్క ఆమె వీపు మీద ఒక్కటి చరిచింది. డిస్కు దగ్గరికి వచ్చినప్పుడు ఆమె కాస్త జంకింది, రెండు డిస్కుల్లో ఏది ఏదో అర్థంకాక ఒకసారి తప్పు అంకె కొట్టి, ఉత్తరంలో చెప్పిన గుర్తు కొట్టి వెనక్కి వచ్చి, మళ్ళీ మొదటినుంచీ విని సరిగ్గా కొట్టింది. గీతలు లేవు, లాగడాలు లేవు. గంటా ఇరవై నిమిషాల తర్వాత పెన్‌డ్రైవ్ తీసేయమంది. తీసేసింది. కంప్యూటరు తనంతట తను లేచి, అదే ముక్కు గొంతుతో ఆమె పేరు, తాళంమాట అడిగింది.

బావ పెన్‌డ్రైవ్ తీసి జేబులో వేసుకున్నాడు. తర్వాత, "నా చెయ్యి పడకుండా ఈ ఇంట్లో కంప్యూటరు లేవడం ఇదే మొదటిసారి," అన్నాడు. అందులో కొంచెం ఉక్రోషం, చాలా గర్వం వినపడ్డాయి.

ఇరవై ఆరు రోజులున్నాయి. కంపెనీ మూసుకుపోయే ముందు అందరూ ఒక్కసారే ఎగబడినందువల్లనో ఏమో, ఫైళ్ళు చీమల్లా నడిచి వచ్చేవి. సగంలో తెగిపోతే తెగినచోటి నుంచి మళ్ళీ అందుకునేలా ఆపరేటరమ్మ నాలుగు వరసల చిన్న ప్రోగ్రాము రాసుకుంది. అందులో రెండు వరసలు ఆ ఎనిమిది వాక్యాల ఆయన చెప్పినవే. పొద్దున ఆసుపత్రికి వెళ్తూ మొదలుపెట్టేది. మూడింటికి వచ్చి చెప్పులు విడవకుండానే ఎన్ని వచ్చాయో అడిగేది. కంప్యూటరు చెప్పేది. నూట పన్నెండు. మూడు వందల నాలుగు. ఎనిమిది వందల తొంభై. వచ్చినవాటిని వచ్చినట్టే, ఇంట్లో ఏ ఫోనులోనైనా వినేలా బావ సలహాతో ఒక ప్రోగ్రాము పెట్టింది. పై అంతస్తులో వంటగదిలో ఒక రోజు అక్క ఆ ఫ్రిజ్ పుస్తకం పెట్టుకుని వింటుంటే, తన నవ్వు తనే విని, శబ్దం లేకుండా మళ్ళీ నవ్విందని బావ దిగివచ్చి చెప్పాడు.

చివరి రోజు సాయంత్రానికి వెయ్యిన్నీ మూడు వందల నలభై మూడు చేరాయి. పదిహేడు రాలేదు. ఎన్నిసార్లు అడిగినా ఆ ఫైళ్ళు పాడై ఉన్నాయన్న జవాబే వచ్చింది. కంపెనీకి రాస్తే పలికేవాళ్ళు లేరు. మర్నాటికి ఆ చిరునామాయే లేకుండా పోయింది.

ఆ పదిహేడూ ఒకే పుస్తకంలోవి. ఒక లైట్‌హౌస్ కాపలాదారు తన కూతురికి రాసిన ఉత్తరాలుగా సాగే లావుపాటి నవల అది. ఆఖరి సగం పోయింది. అక్కకు ఆ పుస్తకమంటే చాలా ఇష్టం. గొంతు బొంగురుపోవడం మొదలయ్యాక, డాక్టరు దగ్గరికి వెళ్ళకముందు చదివింది. అందులో ఆమె గొంతు అప్పుడప్పుడు పగిలేది.

ఆపరేటరమ్మ పైకి వెళ్ళి ఆ సంగతి చెప్పింది. అక్క లేచి వెళ్ళింది. బీరువా తలుపు తెరిచిన చప్పుడైంది. తిరిగి వచ్చి బరువైన పుస్తకాన్నొకదాన్ని టపీమని బావ ఒళ్ళో పడేసింది.

"నేనా?" అన్నాడు బావ. "నాకు చదవడం ఎక్కడొచ్చు? నేను పైకి చదివినదల్లా రౌటర్ల వెనకున్న నంబర్లే."

అక్క ఫోను మాట్లాడింది: "నేను నేర్పుతా. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. నీకంటే మొద్దులకు నేర్పాను."

మర్నాటి నుంచి మధ్యాహ్నం నాలుగింటికి ముగ్గురూ కింది గదిలో కూర్చునేవారు. బావ చదివేవాడు. మొదటి రోజు ఆయన నిజంగానే రౌటరు నంబర్లు చదివినట్టే చదివాడు. కామా లేదు, చుక్క లేదు, కాపలాదారు ఏడ్చినా, పడవ మునిగినా ఒకే తీరు. అక్క బల్ల మీద వేలితో కొట్టేది. ఒక దెబ్బ అంటే ఆగు. రెండంటే నెమ్మది. గట్టిగా కొట్టిందంటే, మళ్ళీ చదువు, ఈసారి మనిషిలా చదువు అని. ఆ దెబ్బలన్నీ రికార్డింగులో పడేవి. తీసేద్దామా అని బావ అడిగితే ఆపరేటరమ్మ వద్దంది.

మూడో వారానికి దెబ్బలు తగ్గాయి. నాలుగో వారంలో ఒక రోజు, తుఫానులో దీపం ఆరిపోయిన రాత్రి గురించి కాపలాదారు రాసిన ఉత్తరం వచ్చింది. బావ మొదటి పేరా చదివాడు, రెండోది చదివాడు, బల్ల మీద వేలు పడలేదు. ఆయన ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతున్నాడు. ఆ ఆగడాలు ఆపరేటరమ్మకు తెలుసు. చిన్నప్పటి నుంచీ వింటున్నవే. ఆమె పక్కకు చెయ్యి చాపింది. అక్క ఆ చెయ్యి అందుకుంది గానీ ఏమీ రాయలేదు, ఊరికే పట్టుకుని కూర్చుంది.

పుస్తకం అయిపోయిన రోజున ఆపరేటరమ్మ ఆ ఎనిమిది వాక్యాల ఆయనకు ఉత్తరం రాసింది. రికార్డింగులు పదిహేడు తప్ప అన్నీ ఇంటికి చేరాయని, కంప్యూటరు ఇంతవరకూ ఒక్క పూట కూడా మూగపోలేదని రాసింది. తన ఉద్యోగం గురించి, తెలుగు పుస్తకాలు చదివిన అక్క గురించి రాసింది, బావ గురించి కూడా రాసింది. ఎస్ అనే మీట నొక్కగానే మాట్లాడేలా చేసినవాళ్ళెవరో నాకు తెలియదు, మీకు తెలిస్తే నా దండాలు అందించండి, ఒకరికి కాదు, అందరికీ, అని రాసింది. రాసి, కంప్యూటరు చేత మొత్తం ఒకసారి చదివించుకుని విని, పంపింది.

వారం తర్వాత జవాబు వచ్చింది. మీ దండాలు ఆ మీట పెట్టినవాళ్ళ లిస్టుకు పంపాను, అక్కడ చాలామంది సంతోషించారు, అని రాశాడాయన. కింద ఇంకో మాట ఉంది. కంప్యూటర్లో తెలుగు చదివే గొంతుల్ని విని, ఎక్కడెక్కడ తప్పు పలుకుతున్నాయో చెప్పేవాళ్ళు మాకు తక్కువ. మీరు ఇరవై ఏడేళ్ళుగా గొంతులు వినే పనిలో ఉన్నారట కదా, తీరికుంటే మాకోసం కాస్త వింటారా?

ఆపరేటరమ్మ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివించుకుంది. అక్కను కిందికి పిలిచి మళ్ళీ చదివించింది. బావ అప్పటికే ఒక కాగితం, పెన్ను తెచ్చుకుని కూర్చుని, "నేను రాసుకుంటాను, చెప్పండి, మొదట ఏ అక్షరం?" అన్నాడు.

అక్క ఫోనందుకుంది. ముగ్గురిలో పలుకు తప్పులు పట్టడం ముందునుంచీ ఎవరి పనో ఆమె చెప్పక్కర్లేదు. అయినా టైపు చేసింది. "తప్పులు పట్టేది నేను," అంది ఫోను.